నూనె తలకు తెల్లటోపీ

"తాతయ్యా, అమ్మని అడుగు. నా హ్యాట్ బెడ్ మీద ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టానని చెప్పండి మావయ్యగారూ. కుర్చీ మీద దుమ్ముంది. మంచం మీద ఉతికిన దుప్పటి ఉంది. శుభ్రమైన చోట పెట్టాను. అయితే ఏమిటట?"

ఇద్దరి మధ్యా ఉన్నది రెండు మూరల దూరం. ఆ రెండు మూరలూ మాటల పల్లకీ మోసే బోయీని నేను. ఒప్పందం కుదిరిన రోజు నుంచీ నా కోడలు శశికళ కూతురితో మాట్లాడదు. నా మనవరాలు రేణు తల్లితో మాట్లాడదు. ఇద్దరూ నాతోనే మాట్లాడతారు. ఈ వయసులో నాకింత గిరాకీ వస్తుందనుకోలేదు.

ఆ ఒప్పందం సంగతి ముందు చెబుతాను. ఇవాళ జరిగే ఆరు కౌంటీల రోడియో రాణి పోటీలో నెగ్గితే, రేణు ఏడాదిపాటు తన గుర్రం బిస్కెట్‌తో ఊరూరా తిరగవచ్చు. ఓడిందా, బిస్కెట్‌ని అమ్మేయాలి. తను న్యూజెర్సీలో పిస్కాటవే వెళ్ళి, మేనత్త వసుమతి ఇంట్లో ఉండి ఫార్మసీ చదవాలి. ఈ తీర్పు శశికళది. కింద సంతకం నా కొడుకు దామోదర్‌ది. వాడు కోళ్ళ డాక్టరు. ఆర్కన్సాలో కోళ్ళకి ఏ జబ్బు చేసినా వాడి దగ్గర మందుంది. సొంతింట్లో రెండు పుంజులు పొడుచుకుంటుంటే మాత్రం పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

"హ్యాట్ బెడ్ మీద పెడితే బ్యాడ్ లక్ తాతయ్యా. రోడియోలో అందరికీ తెలుసు. ఎవరైనా పడిపోతారు, లేకపోతే ఓడిపోతారు." రేణు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వింటున్నారా మావయ్యగారూ? నేను తుమ్మితే ఒక్క నిమిషం ఆగమన్నానని, నవ్వి తలుపు వేసుకుపోయిన పిల్ల ఇది. పిల్లి ఎదురైతే 'ఇట్స్ జస్ట్ ఎ క్యాట్' అంది. ఇప్పుడు టోపీ కాసేపు నడుం వాల్చిందని కొంప మునిగిందా?"

"అది వేరే. ఇది వేరే."

"ఎలా వేరో అడగండి."

అడిగాను. రేణు వంటింట్లోకి వెళ్ళి డార్లీన్‌కి ఫోన్ చేసింది. డార్లీన్ అంటే రోడియో క్లబ్బులో పోటీ పిల్లల మంచిచెడ్డలు చూసే పెద్దావిడ. ఆవిడ జుట్టు ఎంత ఎత్తంటే, గుమ్మం దాటేటప్పుడు ఆవిడ వంగుతుంది, జుట్టు వంగదు. ఈ అరిష్టానికి విరుగుడు తనకి తెలియదనీ, ప్రార్థన చేసుకోమనీ ఆవిడ సలహా ఇచ్చింది.

"విరుగుడు వాళ్ళకి లేకపోతే మనకి లేదా?" అన్నాను. "ఉప్పు, ఎండుమిరపకాయలు తెండి. టోపీకి దిష్టి తీద్దాం."

శశికళ కదలదేమో అనుకున్నాను. నిమిషంలో గుప్పెడు మిరపకాయలు తెచ్చి నా చేతిలో పోసింది. దిష్టి అన్న మాట వింటే మా కోడలు పంతాలు గుర్తుంచుకోదు. టోపీని బల్ల మీద నిలబెట్టి చుట్టూ తిప్పాను. మిరపకాయలు తీసుకెళ్ళి పొయ్యి మీద పెనంలో వేశాను. ఘాటు రాలేదంటే నిజంగానే దిష్టి ఉన్నట్టు.

ఘాటు వచ్చింది. అంటే దిష్టి లేదు. కానీ ఇంటి కప్పుకి ఉన్న పొగ గంటకి ఈ శాస్త్రం తెలియదు. అది గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. నలుగురం దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ పచ్చిక మీదకి పరిగెత్తాం. టోపీ మాత్రం రేణు గుండెకి అతుక్కుని ఉంది. మా ఇంట్లో ఎవరికైనా నిప్పంటుకుంటే, ముందు టోపీని దాచి తర్వాత మనుషుల్ని ఆర్పుతారని అప్పుడే తెలిసింది.

అందరం తేరుకునేసరికి ఎనిమిదిన్నర దాటింది.

"మావయ్యగారూ, తొమ్మిదికి రాహుకాలం. ఈలోపు బండి గడప దాటకపోతే నేను రాను, ఎవర్నీ కదలనివ్వను."

"తాతయ్యా, నేను హెడ్‌బాత్ చేయాలి. తల నిండా ఆయిల్ ఉంది."

నూనె నిన్నటిది. మాటలు మానేసిన వారంలో కూడా మా ఇంట్లో శుక్రవారం నూనె మానలేదు. సాయంత్రం పిల్ల వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. తల్లి గిన్నెలో వెచ్చబెట్టిన కొబ్బరినూనె తెచ్చి నడినెత్తిన పోసి మర్దనా చేసింది. ఒక్క మాట లేదు. ఇంట్లో చప్పుడల్లా ఆ అరచేతిదే. రేణు జడ మోకాళ్ళ దాకా ఉంటుంది. పుట్టువెంట్రుకలు తీసిన నాటి నుంచీ దానికి కత్తెర తగలనివ్వలేదు శశికళ. కూతురు మాట వినకపోయినా కూతురి జడ తన మాట వింటుందని ఆమెకి ధీమా.

"తలంటుకి టైం లేదని చెప్పండి. తడి తలతో బయల్దేరితే జలుబు. రాహుకాలంలో బయల్దేరితే అంతకన్నా జలుబు."

రేణు గడియారం చూసింది. తల్లి మొహం చూసింది. "ఓకే. హ్యాట్ కింద ఎవరికీ కనిపించదులే," అని జడ చుట్టేసి బండెక్కింది. ఆ మాటే కొంప ముంచింది. అదెలాగో చెబుతాను.

*

దామోదర్ ఎనభై నాలుగు మోడల్ పికప్ ట్రక్కు నడుపుతున్నాడు. వెనక తగిలించిన ట్రెయిలర్‌లో బిస్కెట్. ముందు సీటులో నేను. వెనక సీటులో చెరో కిటికీ పక్కన తల్లీ కూతుళ్ళు, మధ్యలో సీటు బెల్టు పెట్టుకుని టోపీ.

రోడియో ఎరగని వాళ్ళకి ఒక్క మాట. మన ఎడ్లపందేల తిరునాళ్ళకి తోలుబూట్లు తొడిగితే అదే రోడియో. దానికో రాణి ఉంటుంది. గద్దె మీద కూర్చునే రాణి కాదు. జెండా పట్టుకుని గుర్రాన్ని మైదానం చుట్టూ దౌడు తీయించాలి. ఒక చేత్తో కళ్ళెం, ఒక చేత్తో జనానికి పలకరింపు, మొహం మీద చిరునవ్వు, నోట్లో దుమ్ము. తలమీద తెల్లటోపీ. గుర్రం మీంచి పడినా లేచి ఎక్కవచ్చునట. టోపీ పడితే మాత్రం న్యాయమూర్తులు మార్కులు కోసి చేతిలో పెడతారు. నాకిది నచ్చింది. మనిషి కంటే తలపాగాకి విలువివ్వడంలో అన్ని దేశాలూ ఒక్కటే.

"మా ఊళ్ళో కరణంగారి తలపాగా సంగతి చెప్పానా?" అన్నాను, బండిలో నిశ్శబ్దం మరీ చిక్కబడుతుంటే.

"చెప్పారు నాన్నా," అన్నాడు దామోదర్.

"రేణుకి చెప్పలేదు. ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. కరణంగారు పొలం గట్టున నిలబడ్డారు. గాలికి ఆయన గొడుగు పోయింది, కండువా పోయింది, చివరికి ఆయనే లేచిపోయారు. రెండూళ్ళ అవతల చింతచెట్టు మీద దిగారు. తలపాగా మాత్రం చుట్టిన చుట్టు చుట్టినట్టే ఉంది. అందులో దోపిన చుట్ట కూడా ఆరలేదు."

రేణు నవ్వింది. అద్దంలో చూస్తే శశికళ పెదవి కూడా కాస్త వంకర తిరిగింది. వెంటనే కిటికీ వైపు తిరిగిపోయింది.

"మావయ్యగారూ, ఒక సంగతి. నేను బండిలోనే కూర్చుంటాను. ఆ మైదానంలో అడుగు పెట్టను. నా మొహం చూసి గెలిపించారనీ అనొద్దు, ఓడించారనీ అనొద్దు."

"నీ మొహం చూసి ఎవరు గెలిపిస్తారమ్మా, కోపంగా ఉంటే?"

"అందుకే అంటున్నాను."

*

పోటీకి ముందు ఆఖరి సాధన. రేణు తెల్ల చొక్కా వేసుకుంది, చేతులకి కుచ్చులు వేలాడుతున్నాయి. డార్లీన్ ఒక సంచి తెచ్చింది. అందులో రెండువైపులా అంటుకునే టేపు, గుప్పెడు పిన్నులు, జుట్టుని రాయిలా చేసే స్ప్రే డబ్బా ఉన్నాయి. పిల్లలందరి టోపీలూ అలాగే నిలబడతాయట.

డార్లీన్ రేణు నుదుటిమీద టేపు అంటించింది. అది జారింది. ఇంకోటి అంటించింది. అది జారి ముక్కు మీదకొచ్చింది. పిన్ను గుచ్చితే, దూరిన దారినే బయటికొచ్చింది. స్ప్రే కొడితే నూనె మీద నీళ్ళలా గుళికలు కట్టింది.

"హనీ, నీ తలలో ఏముంది?" అంది డార్లీన్ వేళ్ళు చూసుకుంటూ.

"కోకోనట్ ఆయిల్."

"ఎంత?"

"మా అమ్మ పెట్టింది," అంది రేణు. మా ఇంట్లో నూనెకి అదే కొలత.

ఎలాగో టోపీ నొక్కి పెట్టి బిస్కెట్‌ని దౌడు తీయించింది. మొదటి మలుపు దగ్గరే టోపీ లేచింది. అక్కడినుంచి అది తన దారిన తను వెళ్ళిపోయింది. పక్క దొడ్లో ఉన్న ఒక దూడ దాన్ని వాసన చూసి, కొబ్బరి వాసన నచ్చినట్టుంది, అంచు నాకింది.

రేణు గుర్రం దిగి, టోపీ తీసుకుని, సరాసరి పికప్ దగ్గరికి వచ్చింది. నేను మధ్యలోకి వచ్చే లోపలే మాట్లాడేసింది.

"నువ్వు పర్పస్‌గా చేశావ్ అమ్మా."

వారం తర్వాత తల్లితో అన్న మొదటి మాట అది. శశికళ మొహంలో రంగు పోయింది.

"నీకు తెలుసు, టేప్ అంటుకోదు అని. నేను ఓడిపోవాలి. బిస్కెట్‌ని అమ్మాలి. అందుకే ఆయిల్ పెట్టావ్. అందుకే హెడ్‌బాత్ చేయనివ్వలేదు. రాహుకాలం అని అబద్ధం."

"రాహుకాలం అబద్ధం కాదే పిల్లా," అన్నాను. "శనివారం తొమ్మిదికే."

"తాతయ్యా, ప్లీజ్."

దామోదర్ ట్రెయిలర్ చక్రం ఎంత గుండ్రంగా ఉందో పరీక్షిస్తున్నాడు. శశికళ తిరిగి తిట్టలేదు. తను ఆ పని చేయలేదని కూడా అనలేదు. నాకు భయం వేసింది. మా కోడలు మాట్లాడితే ఇల్లు ఎగురుతుంది, మాట్లాడకపోతే ఇల్లు కూలుతుంది.

ఆమె బండి తలుపు పూర్తిగా తెరిచి, మెట్టు చూపించింది.

"కూర్చో."

ఆ మాట నాతో కాదు. కూతురితో. రేణు బిత్తరపోయి కూర్చుంది.

శశికళ చేతిసంచిలోంచి చిన్న రేకుడబ్బా తీసింది. అందులో సూదులు, తెల్లదారం ఉన్నాయి. ఆడపిల్లలకి పూలజడ కుట్టడంలో ఆమెది అందె వేసిన చేయి. వసుమతి కూతురి పెళ్ళికి వేసిన పూలజడని మూడోరోజు విప్పడానికి నలుగురు కూర్చున్నారు. పువ్వులు వాడిపోయాయి గానీ కుట్టు వాడలేదు.

జడని తల చుట్టూ బిగించి చుట్టింది. టోపీ పెట్టింది. లోపలి తోలుపట్టీలోంచి సూది దూర్చి, జడలోంచి తీసి, మళ్ళీ పట్టీలోకి. మధ్యమధ్య పంటితో దారం తెంపుతూ కుట్టుకుంటూ పోయింది. డార్లీన్ నోరు తెరుచుకుని చూస్తోంది.

"నూనె జుట్టే కుట్టుకి మంచిది," అంది శశికళ, ఎవరితోనన్నది చెప్పకుండా. "చిక్కు పడదు. సూది సాఫీగా పోతుంది."

"నొప్పి, అమ్మా."

"రాణివి కదా. ఓర్చుకో."

ఆఖరి ముడి వేసి, టోపీ అంచు పట్టుకుని లాగింది. టోపీతో పాటు రేణు కూడా లేచి నిలబడింది.

*

రేణు వంతు వచ్చింది. నేను కంచె లోపల బల్ల మీద కూర్చున్నాను. శశికళ కంచె బయట నిలబడి మబ్బులు చూస్తోంది. మబ్బులు చూసే మనిషి కళ్ళు అంత కిందకి ఎందుకున్నాయో నేను అడగలేదు. పాదం కంచెకి అవతల, ప్రాణం ఇవతల.

బిస్కెట్ బాణంలా దూసుకొచ్చింది. రెండో మలుపులో ఎవరి చేతిలోదో బెలూన్ టప్పున పేలింది. గుర్రం అడ్డంగా గెంతింది. రేణు జీనుకి ఒక పక్కగా జారి, తల కిందికి వేలాడింది. జనం లేచి నిలబడ్డారు. టోపీ అంచు ఇసుకలో గీత గీసుకుంటూ పోయింది. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ గీతలో చిక్కుడు విత్తనాలు నాటుకోవచ్చు. అంతలో పిల్ల జీను పట్టుకుని పైకి లేచింది. లేస్తూనే చెయ్యి ఊపింది. టోపీ కుంకుమ భరిణె మూతలా తలమీదే ఉంది.

మైదానం చప్పట్లతో మోగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే శశికళ కంచె కర్ర పట్టుకుని ఊపిరి పీలుస్తోంది.

"ఒక మాట అడుగుతానమ్మా," అన్నాను. "కుట్టకుండా ఊరుకుంటే నీ పంతమే నెగ్గేది కదా. గుర్రం పోయేది, పిల్ల పిస్కాటవే వెళ్ళేది."

"ఓడితే ఓడనివ్వండి మావయ్యగారూ. మంచిదే. కానీ నా నూనె వల్ల ఓడిందన్న మాట నేను పడను."

"అంతేనా?"

ఆమె మళ్ళీ మబ్బులు చూడటం మొదలుపెట్టింది.

*

పొద్దు వాలుతుండగా పోటీలో ఉన్న అయిదుగురు పిల్లల్నీ గుర్రాల మీంచి దింపి మైదానం మధ్యలో వరసగా నిలబెట్టారు. పోయినేటి రాణి చేతిలో కిరీటం బిగించిన కొత్త టోపీ ఉంది. మైకు దగ్గర ఒక లావుపాటి ఆయన కవరు పట్టుకుని నిలబడ్డాడు. అంతకు ముందే చాలాసేపు మాట్లాడాడు, ఇంకా మాట్లాడే ఓపిక ఉన్న మనిషి.

"మన ఆచారం ప్రకారం," అన్నాడాయన, "అమ్మాయిలందరూ టోపీలు తీస్తారు. పాత రాణి వెనకనుంచి వచ్చి, గెలిచిన తలమీద కిరీటం పెడుతుంది. అందరూ తల వంచిన తర్వాతే కవరు విప్పుతాను."

నాకు టోపీ లోపలి కుట్టు గుర్తొచ్చింది.

నలుగురు టోపీలు తీశారు. రేణు తన టోపీ పట్టుకుని ఎత్తింది. కనుబొమలు పైకి లేచాయి, కళ్ళు గుడ్లయ్యాయి, టోపీ లేవలేదు. ఇంకాస్త గట్టిగా ఎత్తింది. మడమలు నేలనుంచి లేచాయి.

"అయిదో నంబరు అమ్మాయికి తన టోపీ అంటే ఇష్టం ఎక్కువలా ఉంది," అన్నాడు మైకాయన. జనం నవ్వారు. రేణు చెవులు ఎర్రబడ్డాయి. కుట్టేటప్పుడు ఈ ఆచారం గుర్తురాని డార్లీన్ ఇప్పుడు పరిగెత్తుకెళ్ళి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోయి, "కుట్టేసిందా?" అన్నాడు. మూడువేల మంది ఆ మాట విన్నారు.

టోపీ తీయని పిల్లని వరసలోంచి తప్పించాలా వద్దా అని న్యాయమూర్తులు తలలు దగ్గర పెట్టుకున్నారు.

నా వెనక కంచె కిర్రుమంది. చూస్తే శశికళ లేదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో దామోదర్ కోళ్ళ వైద్యం సంచిలోని కత్తెర పట్టుకుని, ఎన్నటికీ అడుగు పెట్టనన్న మట్టిలో నడుస్తోంది. జనం నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కత్తెర పట్టుకుని వస్తున్న మా కోడల్ని చూస్తే ఎవరికైనా నవ్వు ఆగుతుంది. న్యాయమూర్తుల్లో ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

కూతురి దగ్గరికి వెళ్ళి టోపీ అంచు ఎత్తి లోపలికి చూసింది. ఒక దారం లాగింది. ఇంకోటి లాగింది. తన కుట్టు తనకే అంతు చిక్కలేదు.

"దారాలు విప్పాలంటే గంట పడుతుంది," అంది. ఆ మాట మైకులోంచి కొండల దాకా వెళ్ళి వచ్చింది. తెలుగు కాబట్టి మాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

"వాళ్ళు గంట ఆగరు అమ్మా."

"జడ కోస్తే టోపీ ఊడి వస్తుంది."

రేణు టోపీ అంచు కింద జడని తడుముకుంది.

"కోశాక కవరులో నీ పేరు లేకపోతే?"

"తెలీదు." రేణు తల్లి కొంగు పట్టుకుంది. "నువ్వే చెప్పు అమ్మా. నేనేం చేయాలి?"

వారం రోజుల కింద ఈ ప్రశ్న అడిగి ఉంటే శశికళ దగ్గర సిద్ధంగా జవాబుంది. పిస్కాటవే, వసుమతి, ఫార్మసీ. ఇప్పుడామె కూతురి మొహం వైపు చూసింది. అవతల కళ్ళెం పట్టుకున్న మనిషి పక్కన నిలబడి ఉన్న బిస్కెట్ వైపు చూసింది. నా వైపు కూడా చూసింది. మాటలు మోసే బోయీని కదా, ఏదైనా చెబుతానేమోనని. నేను పల్లకీ కింద పెట్టేశాను.

"తల వంచు," అంది కూతురితో.

రేణు తల వంచింది. మైకాయన కవరు అంచు చింపాడు. అదే క్షణంలో కత్తెర కసుక్కుమన్న చప్పుడు మైకులో వినిపించింది.

ఇసుకలో పడింది దారం కాదు, జడ.